ఊట దగ్గర రెండు చెంపదెబ్బలు

నేల కొలిచిన వాడవు నీవె తండ్రి,
కడలి కవధుల నిడినట్టి ఘనుడ వీవు;
మాదు గట్లను రాలను మరువకుండ
కావుమయ్య మా మాటలు కల్లగాక!

కొండలకు ఎల్లలు నిర్ణయించి, నదులకు దారి చూపి, పిడికెడు మట్టితో మనిషిని మలచి, తిరిగి ఆ మట్టినే మనిషి చేతికి అప్పగించిన పరమపితకు మ్రొక్కి, మా షాషోద్ గ్రామంలో ఒక నీటి ఊట కోసం నడిచిన తగవును చెప్పబూనుతున్నాను. ఇందులో నేను చూడనిది లేదు. చూడకుండా ఎవరో చెప్పగా విన్నది ఒకటుంటే, అది అరవై రెండేళ్ల కిందటి చెంపదెబ్బ మాత్రమే.

మా తాతల కాలంలో పొలాల హద్దులు కాగితాల మీద కంటే మట్టిదిబ్బల మీదా, మనుషుల చెంపల మీదా ఎక్కువగా ఉండేవి. ఇద్దరి పొలాలు కలిసే చోట గొయ్యి తవ్వి, అందులో బొగ్గులూ, కొలిమి చిట్టెమూ, పగలగొట్టిన కుండపెంకులూ వేసి పూడ్చి, పైన నడుమెత్తు దిబ్బ పోసేవారు. బొగ్గు కుళ్లదు, పెంకు చివకదు. ఏటేటా నాగలి దిబ్బను కొంచెం కొంచెంగా తినివేసినా ఆ మూగ సాక్షులు అడుగున పడి ఉంటాయి. అయితే అవి ఎక్కడున్నాయో చెప్పడానికి నోరున్న సాక్షి ఒకడు కావాలి. అందుకని ఊళ్లో చురుకైన పిల్లవాణ్ణొకణ్ణి వెంట తీసుకొనిపోయి, కొత్త దిబ్బ మీద నిలబెట్టి, ఏ తప్పూ ఎరుగని వాడి చెంప ఛెళ్లుమనిపించేవారు. ఆ వెంటనే వాడి చేతిలో తేనె రొట్టె ఒకటి పెట్టేవారు. దెబ్బ వల్ల చోటు గుర్తుండాలి. రొట్టె వల్ల పెద్దల మీద కోపం ఉండకూడదు. ఇదీ అందులోని ధర్మసూక్ష్మం. దానినే హద్దు దెబ్బ అనేవాళ్లం.

షాషోద్‌లో ఆ గౌరవం దక్కించుకొని నాటికి బతికి ఉన్నవాడు కాతొన మోజెష్ ఒక్కడే. ఎనిమిదేళ్ల వయసులో దక్షిణపు వాలు మీద ఆ దెబ్బ తిన్నాడు. డెబ్బై ఏళ్లు వచ్చినా దాని మీదే బతుకుతున్నాడని ఊరివాళ్లు వేళాకోళమాడేవారు. ద్రాక్షతోట పాకలో ఎవరైనా గ్లాసు నింపితే చాలు, చెంప నిమురుకుంటూ ఎత్తుకొనేవాడు: "దెబ్బంటే అదీ! ఇప్పుడు కొట్టేవాళ్లకి చేతులేవి? తినేవాళ్లకి చెంపలేవి?" ఒకనాడు ఎడమ చెంప నిమిరేవాడు, మరొకనాడు కుడి చెంప. ఆ సంగతి మేమెవరమూ గమనించలేదు.

ఆ ఏడు ఈస్టర్ పండుగ ఏప్రిల్ నెలలో బాగా ఆలస్యంగా వచ్చింది. పండుగ వెళ్లిన మంగళవారం నాడు చెతె గెర్గెయ్ అరుగు మీద ఒక అమ్మకం జరిగింది. గెర్గెయ్ పూర్వీకులు ఎప్పుడో రాజుగారి దగ్గర పట్టా పొందిన కుటుంబీకులు. ఇప్పుడు అతడికి ఆ పట్టా, రెండు నొప్పి మోకాళ్లు, దక్షిణపు వాలు మీద నాలుగు రోజుల దున్నకం నేలా మిగిలాయి. మోకాళ్లనూ పట్టానూ తీసుకొని, భార్యతో సహా పట్నంలో కూతురి దగ్గరికి పోదామనీ, నేలను బాకో లీదియాకు అమ్ముదామనీ నిశ్చయించుకొన్నాడు.

లీదియా విధవరాలు. తొమ్మిది వసంతాలుగా ఫ్యూజెష్ దానియెల్ అనే ఆసామి పొలంలో బీటుగడ్డలకు కలుపు తీసింది. ఆమెకు ఎస్తి అనే ఎనిమిదేళ్ల కూతురు. ఆమె కోరిక ఒక్కటే: తన నేలలో తన చేత్తో కాబేజీ నాటుకోవాలి. మా ప్రాంతంలో జార్జి పండుగ నాడు కూలీల ఒప్పందాలు మారతాయి. ఆ ఉదయం సొంత నేల లేనివారు ఎవరో ఒక ఆసామి వాకిట నిలబడి చేయి కలపాలి. కలిపితే మళ్లీ ఏడాది దాకా ఆ చేయి వారిది కాదు. ఆ పండుగ శుక్రవారం. అంటే లీదియాకు మూడు రోజులే మిగిలాయి.

ఆ మధ్యాహ్నం గెర్గెయ్ చేయీ ఆమె చేయీ కలిశాయి. గ్రామపెద్ద తన అరచేతి అంచుతో ఆ కలిసిన చేతులను విడగొట్టాడు. బేరం కుదిరింది. ఇక మిగిలింది దీవెన పాత్ర. అమ్మినవాడూ, కొన్నవారూ, గట్టు కలిసిన పొరుగువాళ్లూ ఒకే కూజాలోని ద్రాక్షసారా తాగి నేలను దీవించాలి. పొరుగువాడు గ్లాసు ముట్టకపోతే ఎన్ని ముద్రలు పడినా ఆ అమ్మకాన్ని ఊరు అమ్మకంగా ఎంచదు.

గెర్గెయ్ కూజా వంచబోగా, దిగువ గట్టు పొరుగువాడైన దానియెల్ తన గ్లాసు మీద అరచేయి మూశాడు.

"పొయ్యకు గెర్గెయ్. నాకు దాహంగా లేదు."

"దాహానికి కాదయ్యా పోసేది, దీవెనకి."

"దానిక్కూడా లేదు. నువ్వమ్మేది నేల. ఊట నాది. నా ఊటని నువ్వమ్మేసి, పైగా నేనే దీవించాలా? బాగానే ఉంది వరస!"

లీదియా ముఖం పాలిపోయింది. "ఏ ఊట, దానియెల్ అన్నా?"

"ఆ వాలు మీద ఊటలు ఎన్నున్నాయమ్మా? అడవి బేరిచెట్టుకీ, కింద విల్లోచెట్టుకీ నడుమ ఉందే, అదే. రిజిస్టర్లో ఏముంది? చెతె వారి నేల మూడో హద్దు దిబ్బ దాకా అని ఉంది. ఆ మూడో దిబ్బ పైన బేరిచెట్టు కింద ఉండేది. దిబ్బకి దిగువదంతా నాదే కదా?"

"బేరిచెట్టు కింద అని నీకెవరు చెప్పారు?" అన్నాడు గెర్గెయ్.

"ఎవరో ఎందుకు? మోజెష్ తాతే. మా కోతల విందులో, మా అరుగు మీద కూచుని చెప్పాడు."

"నాకూ మోజెష్ తాతే చెప్పాడు, మా పాకలో కూచుని! విల్లోచెట్టు కింద అని!"

దీవెన పాత్ర ఉన్న చోట మోజెష్ లేకపోవడం ఉండదు. అరుగు చివర ముక్కాలిపీట మీద కూర్చొని, గ్లాసు పెదవుల దాకా తెచ్చుకొన్నవాడు, అందరి కళ్లూ తన వైపు తిరగడం చూసి, ఆ గ్లాసును అతి జాగ్రత్తగా కింద పెట్టాడు. జీవితంలో నిండు గ్లాసు కింద పెట్టడం ఆయనకు అదే మొదటిసారి అయి ఉంటుంది.

ఆ వాలు స్వభావం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. అది దక్షిణపు ఎండకు మాడే నేల. ఊట ఉంటే కాబేజీ, దోస, మిరప ఏదైనా పండుతుంది. ఊట లేకుంటే ముళ్లపొదలు కూడా జూన్ నెలలో తల వేలవేస్తాయి. ఊట లేని ఆ నేలను కొనడం, గంట లేని గోపురాన్ని కొనడం వంటిదే.

గ్రామపెద్ద గడ్డం సవరించుకొని, "రేపు పొద్దున్న పొలంలోనే తేలుద్దాం. పంతులుగారు గ్రంథం పట్టుకొస్తారు. తాత దాని మీద చెయ్యేసి చోటు చూపిస్తాడు. చూపించిన చోట తవ్వుదాం. ఒక్క చోటే సుమా!" అన్నాడు.

ఒక్క చోటే ఎందుకంటే, హద్దు నేలలో పార దించడాన్ని మా పెద్దలు సమాధి కదిలించడంతో సమానంగా చూసేవారు. సాక్షి ప్రమాణం చేసిన చోట మాత్రమే, అదీ ఒకే ఒక గొయ్యి తవ్వవచ్చు. అందులో మూగ సాక్షులు కనబడితే సరే. కనబడకపోతే ప్రతివాది మాటే నెగ్గుతుంది. అక్కడా ఇక్కడా కెలికి చూడడానికి అది కోళ్ల దొడ్డి కాదు.

బుధవారం ఉదయం ఊరు సగం వాలు మీదే ఉంది. మోజెష్ ఆదివారపు బూట్లు తొడిగి, మీసాలకు మైనం రాసి వచ్చాడు. మా దేవాలయం పంతులును నేనే కనుక బైబిలు గ్రంథం తెరిచి పట్టుకొన్నాను. ఆయన అరచేయి దాని మీద ఆనింది. బేరిచెట్టు వంక చూశాడు. విల్లోచెట్టు వంక చూశాడు. తరువాత నా వంక చూశాడు.

"పంతులుగారూ, ఈ పుస్తకం మీద అబద్ధమాడితే నాకు పుట్టగతులుండవు కదా?"

"ఉండవు."

"అయితే నిజం చెప్పేస్తాను. ఆ రోజు నేను రెండు చోట్లా తిన్నాను."

"ఏం తిన్నావు?" అన్నాడు గ్రామపెద్ద.

"దెబ్బలయ్యా! ఇక్కడొకటి, అక్కడొకటి. ఒకటి హద్దు దెబ్బ. రెండోది ఎందుకు పడిందో, ఎవరేశారో, ఏది ముందో ఏది వెనకో... ఇన్నేళ్లు చెప్పి చెప్పి రెండూ కలిసిపోయాయి. చెతె వారి సారా తాగితే కిందది గుర్తొచ్చేది, ఫ్యూజెష్ వారి సారా తాగితే పైది గుర్తొచ్చేది. నేను అబద్ధమాడలేదు నాయనా. రెండూ నిజంగానే మండాయి."

జనం వాలు దద్దరిల్లేలా నవ్వారు. నవ్వనిది లీదియా ఒక్కతే. మోజెష్‌కు ఆ నవ్వు పడలేదు. బూట్లు టకటకలాడిస్తూ విల్లోచెట్టు కిందికి దిగి నిటారుగా నిలబడ్డాడు.

"నవ్వకండిరా! దెబ్బతో పోయిన జ్ఞాపకం దెబ్బతోనే రావాలి. కొట్టండి! ఇక్కడొకటి కొట్టండి, అక్కడొకటి కొట్టండి. ఏది మునుపటిలా ఉందో చెబుతాను."

డెబ్బై ఏళ్ల వృద్ధుణ్ణి కొట్టడానికి చేయి ఎవరికి వస్తుంది? గ్రామపెద్ద తనకు పదవి అడ్డమన్నాడు. చివరికి అమ్మకందారు గెర్గెయ్‌ని ముందుకు తోశారు. అతడు కళ్లు మూసుకొని చెంపకు చేయి తగిలించాడు.

"ఇది దెబ్బా నాయనా? ఈగని తోలినట్టుంది!"

దానియెల్ చొక్కా చేతులు పైకి మడిచాడు. అతడి అరచేయి రొట్టెలు కాల్చే పెనమంత ఉంటుంది. గ్రామపెద్ద పరుగున అడ్డం వచ్చి, "నువ్వాగు! నువ్వు కొడితే పాతది గుర్తుకు రావడం అటుంచి ఉన్నది కూడా పోతుంది" అన్నాడు. గెర్గెయ్ మరికొంచెం ధైర్యం తెచ్చుకొని బేరిచెట్టు కింద మరొకటి వేశాడు. మోజెష్ చాలాసేపు ఆకాశంలోకి చూసి, "లేదు. పన్ను మాత్రం కదిలింది" అన్నాడు.

అప్పుడు లీదియా వెళ్లి ఆయన చేయి పట్టుకొంది. "చాలు తాతా. నీ చెంప వాచిపోయి నాకు నీళ్లొస్తే, ఆ నీళ్లు నేను తాగలేను. పద, ఇంటికి దిగబెడతాను."

రేపు మధ్యాహ్నపు గంట కొట్టే దాకా గడువు ఇస్తున్నానన్నాడు గ్రామపెద్ద. అప్పటికీ సాక్షికి చోటు తెలియకపోతే ఊట దానియెల్‌దే. దానియెల్ దుర్మార్గుడు కాడు. తన మాట తాను నమ్మినవాడు. పోతూ పోతూ ఆమెతో, "నా వాకిలి తెరిచే ఉంటుంది లీదియా. శుక్రవారం పొద్దున్నే వచ్చెయ్. ఈసారి నీకు వంటశాల పక్క గది ఇప్పిస్తాను" అన్నాడు. మంచి మనసుతో అన్న ఆ మాటకే ఆమె కళ్ల నీళ్లు తిరిగాయి.

మోజెష్ ఇంటికి నేనూ గ్రంథం చంకన పెట్టుకొని వెంట నడిచాను. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు. అక్క రెబెకా ఉంది, డెబ్బై మూడేళ్లది. ఒకే పెరడు, రెండు వాకిళ్లు. పొద్దున లేస్తే కయ్యం. మేము వెళ్లేసరికి ఆమె ఎండలో పీట వేసుకొని, ఒళ్లో బాతును తలకిందులుగా అదిమిపట్టి ఈకలు పీకుతోంది. తమ్ముడి ముఖం చూసి చేయి ఆపింది.

"ఏరా, ఆ చెంపేమిటి, అలా ఎర్రబడింది? మళ్లీ ఎవరి వాటా మింగావు?"

మోజెష్ గొణుక్కుంటూ తన వాకిలి వైపు నడిచాడు. లీదియా మాత్రం అక్కడే నిలిచిపోయింది.

"మళ్లీ అంటున్నావేం, రెబెకా అవ్వా?"

"మళ్లీ కాక? వీడి బుద్ధి నాకు తెలీదా? ఆ రోజు తేనె రొట్టె మొత్తం ఒక్కడే మింగి, మూతినిండా తేనె పూసుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇంత పిసరు, ఇదిగో ఈ గోరంత, అక్కకి ఉంచాలని తోచలేదు వెధవకి! ఒక్కటిచ్చాను. టోపీ ఎగిరి బాతుల్లో పడింది."

లీదియా ఆమె ముందు నేల మీద చతికిలబడింది. "ఏ రోజవ్వా? ఏ రొట్టె?"

"ఏ రొట్టేమిటే? హద్దు పెద్దలు వీణ్ణి కొట్టి, చేతిలో పెట్టారే, ఆ రొట్టె."

"మరి నువ్వు కొట్టిందెక్కడ?"

"బేరిచెట్టు కింద. బాతులు కాస్తున్నాను. ఆ ఎండలో ఇంకెక్కడుంటానే, సూర్యుడి ఒళ్లోనా?"

నా చంకలోని గ్రంథం జారిపోబోయింది. విషయం పగటి వెలుగంత స్పష్టమైంది. బేరిచెట్టు దగ్గరికి వచ్చేసరికి రొట్టె అయిపోయిందంటే, హద్దు దెబ్బ అప్పటికే పడింది. మరొక చోట పడింది. ఊరికి పోయే దారి కింద నుంచి పైకి. పిల్లవాడు విల్లోచెట్టు దగ్గర దెబ్బా రొట్టే పుచ్చుకొని, తింటూ ఎక్కి, బేరిచెట్టు దగ్గర రెండవ దెబ్బ పుచ్చుకొన్నాడు.

మోజెష్ తన గడప మీద కూలబడ్డాడు. "అక్కా, నువ్వు కొట్టిందే గట్టిగా కొట్టావే! అందుకే చాలాసార్లు అదే హద్దు దెబ్బ అనుకున్నాను."

"గట్టిగానే కొట్టాను మరి. రొట్టె అలాంటిది."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని నేనడిగాను.

రెబెకా ఈకల గుప్పెడు సంచిలో వేసి నా వైపు తిరిగింది. "ఎవరడిగారండీ పంతులుగారూ? వీడు పాకల్లో మగాళ్లకి చెబుతాడు. నన్ను ఏ పాకలోకి పిలిచారు? ఆడపిల్లని హద్దు దగ్గర కొట్టరు, రొట్టే పెట్టరు, సాక్ష్యమూ అడగరు. ఇంకో సంగతి కూడా ఉంది, ఎవరూ అడగనిదే. ఆ రోజు మా నాన్న మా నీలం కూజా పట్టుకుపోయి ఆ గోతిలో పగలగొట్టి వేశాడు. పెంకుల కోసం అంత మంచి కూజానా! మా అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు."

గురువారం మధ్యాహ్నానికి చాలా ముందే అందరూ మళ్లీ వాలు మీద చేరారు. రెబెకా తమ్ముణ్ణి చేయి పట్టుకొని లాక్కొంటూ వచ్చింది. సంగతంతా విని దానియెల్ తల అడ్డంగా ఊపాడు.

"ఇదెక్కడి న్యాయం? హద్దు సాక్ష్యం హద్దు దెబ్బ తిన్నవాడిదే. రెబెకమ్మ ఏ దెబ్బ తింది?"

"నేను తినలేదురా అబ్బాయ్, వేశాను. తిన్నవాడు మరిచిపోవచ్చు. నా అరచేయి మరిచిపోలేదు."

"ఆడవాళ్ల ప్రమాణం మీద హద్దు తవ్విన ఆచారం మన ఊళ్లో లేదు, పెద్దయ్యా."

గ్రామపెద్ద నా వైపు చూశాడు. నేనన్నాను: "మొన్న ఆదివారమే కదా దానియెల్, నువ్వు ముందు వరుసలో నిలబడి ఈస్టర్ కీర్తన పాడావు. ఆ తెల్లవారుజామున సమాధి ఖాళీగా ఉందని మొదట చూసి వచ్చి చెప్పినవారెవరు? ఆ రోజు మగవాళ్లు వాళ్ల మాట నమ్మలేదు. ఆ పొరపాటు రెండోసారి మనం చేద్దామా?"

దానియెల్ టోపీ తీసి మళ్లీ పెట్టుకొన్నాడు. దేవాలయంలో అతడి గొంతు అందరికంటే పెద్దది, కాబట్టి కాదనలేకపోయాడు. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒకే గ్రంథం మీద చేయి పెట్టి, విల్లోచెట్టు కింద, వేరుకు ఇవతల మూడడుగుల చోటు చూపారు. ఆచారం ప్రకారం కాదన్నవాడే తవ్వాలి. దానియెల్ పార అందుకొన్నాడు.

మోకాలి లోతు తవ్వాడు. మట్టి తప్ప ఏమీ లేదు. తొడ లోతు తవ్వాడు. ఒక రాయి తగిలింది. జనం ముందుకు తోసుకొచ్చారు. అది ఉత్త రాయే. లీదియా కూతురి భుజాల మీద చేతులు వేసి నిలబడి ఉంది. ఆ పిల్ల, "అమ్మా, నొప్పి" అనేదాకా తన వేళ్లు ఎంత బిగిశాయో ఆమెకు తెలియలేదు. మోజెష్ కళ్లు మూసుకొని ఏదో కీర్తన తప్పులతో చదువుతున్నాడు. సూర్యుడు నడినెత్తి వైపు ఎక్కుతున్నాడు.

గొయ్యి దానియెల్ నడుము దాకా వచ్చింది. పార ఒక్కసారి ఆగింది. అతడు వంగాడు. గోతిలో ఉన్నది అతడొక్కడే; అక్కడ కనబడినదాన్ని మొదట చూసినవాడూ అతడే. కాలితో అదిమి మట్టి కప్పినా ఎవరికీ తెలిసేది కాదు. చాలాసేపు అలాగే వంగి ఉండి, పైకి లేచి, నల్లని అరచేతిని అందరికీ చూపాడు. బొగ్గు. మళ్లీ వంగి చిట్టెపు గడ్డ ఒకటి గట్టు మీద పెట్టాడు. మూడోసారి వంగి, ఏదో చొక్కా అంచుతో తుడిచి, ఎవరికీ ఇవ్వకుండా నేరుగా రెబెకా చేతిలో పెట్టాడు. నీలం పూత మెరుస్తున్న కూజా మెడ.

రెబెకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా అమ్మదే. అమ్మకి చూపించడానికి కాస్త ఆలస్యమైంది" అంది. కళ్లు తుడుచుకొని, వెంటనే తమ్ముడి వీపు మీద ఒక చరుపు చరిచింది. "చూశావా!"

గోతిలోంచే అడిగాడు దానియెల్: "గెర్గెయ్, ఆ కూజా తెచ్చావా?"

"ఏ కూజా?"

"సారా కూజా! నడుము లోతు తవ్వాక ఎవడికైనా దాహమేస్తుంది."

జనం హోరుమన్నారు. అతణ్ణి పైకి లాగారు. పగిలిన కూజా మెడను రెబెకా తన దగ్గరే ఉంచుకొంటానంది. దాని బదులు గెర్గెయ్ భార్య ఒక పాత పళ్లెం పగలగొట్టి ఇచ్చింది. బొగ్గూ చిట్టెమూ పెంకులూ తిరిగి వేసి, గొయ్యి పూడ్చి, పైన కొత్త దిబ్బ పోశారు. అప్పుడు గ్రామపెద్ద గొంతు సవరించుకొన్నాడు. కొత్త దిబ్బ లేచింది కనుక కొత్త చెంప ఒకటి కావాలి. పిల్లలందరూ తల్లుల గౌనుల వెనక్కి తప్పుకొన్నారు.

"ఈసారి ఆడపిల్లని పిలవండి. మాటా మరిచిపోదు, సారాకీ అమ్ముడుపోదు" అంది రెబెకా.

దానియెల్ కూడా కాదనలేదు. లీదియా కూతురు ఎస్తి దిబ్బ ఎక్కింది. అందరి వంకా చూసి, "ముందు రొట్టె చూపించండి" అంది.

చూపించారు. నెమలికన్ను బొమ్మ అద్దిన పెద్ద తేనె రొట్టె. ఎస్తి తృప్తిగా తల ఊపి చెంప ముందుకు పెట్టింది. రెబెకా కొట్టింది. ఆ చప్పుడు విని బేరిచెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. ఎస్తి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, కాని ఏడవలేదు. రొట్టె అందుకొని నోటి దగ్గరికి తీసుకుపోయింది.

"ఒసే, ఆగు ఆగు! మొత్తం ఒక్కదానివే తినకు!" అని మోజెష్ కేక పెట్టాడు. "అరగడానికి అరవై రెండేళ్లు పడుతుంది!"

అంటూ తన కోటు జేబులోంచి కాగితపు పొట్లం ఒకటి తీసి అక్క చేతిలో పెట్టాడు. పొద్దున్నే దుకాణం తెరిపించి కొన్నాడట. పళ్లెమంత తేనె రొట్టె. రెబెకా దాన్ని ఎగాదిగా చూసింది. "ఇప్పుడిస్తావట్రా, నా నోట్లో పళ్లన్నీ పోయాక?" అంది. అయినా ఎవరికీ ఇవ్వలేదు. గ్లాసులోని సారాలో అద్దుకొంటూ, నేల మీద కూర్చొని, ఒక్క పిసరైనా తమ్ముడికి పెట్టకుండా మొత్తం తిన్నది.

దీవెన పాత్ర చేతులు మారింది. గెర్గెయ్ తాగాడు, లీదియా తాగింది, దానియెల్ మూడుసార్లు తాగాడు. మూడోది తాగాక తలవంచుకొని, "మా ఆవులు ఆ ఊట దగ్గరికి అలవాటు పడ్డాయి, లీదియా..." అని నసిగాడు.

"రానీ దానియెల్ అన్నా. ఆవుల్ని ఎప్పుడైనా తోలుకురా. బీటుగడ్డల కలుపుకి మాత్రం నన్ను పిలవకు. రేపు జార్జి పండుగ. నా చెయ్యి నాదే."

అప్పుడే ఊళ్లో మధ్యాహ్నపు గంట మోగింది. మగవాళ్లు టోపీలు తీశారు. లీదియా మాత్రం దిబ్బ దిగి, ఊట దగ్గర మోకరించి, రెండు దోసిళ్ల నీళ్లు తీసి, ఒకటి నేల మీద పోసి, మరొకటి తాగింది.

ఈ కథ విన్నవారి హద్దులు చెదరకుండు గాక. వారి ఊటలు నిండు వేసవిలోనూ ఎండకుండు గాక. వారి నాలుక సత్యాన్నీ, వారి చేతులు తోబుట్టువుల వాటానూ మరువకుండు గాక. నేలను కొలిచినవాని కరుణ అమ్మినవారి మీదా, కొన్నవారి మీదా, గట్టు కలిసిన పొరుగువారి మీదా సమానంగా వర్షించు గాక. తథాస్తు.